బారువ తీరంలో రెండు రాత్రుల క్యాంపింగ్: ఒంటరిగానా, ఇద్దరమా?

తూరుపుగాలి (ప్రశ్న):

సంక్రాంతి హడావిడి అయ్యాక, జనవరి మూడో వారంలో, శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దుటి దాకా శ్రీకాకుళం జిల్లా బారువ తీరంలో గుడారం వేసుకుని ఉండాలనుకుంటున్నాను. విశాఖ నుంచి సోంపేట స్టేషన్ దాకా రైలు, అక్కణ్నుంచి ఆటో. కొండల్లో, అడవి అంచున క్యాంపింగ్ తెలుసు. ఇసుక మీద, సముద్రం పక్కన మాత్రం కొత్త.

మా ఆవిడ కూడా వస్తానంటోంది. ఒక్కణ్నే వెళ్తే 1.6 కేజీల సింగిల్ గుడారం, ఇద్దరమైతే 2.4 కేజీల డబుల్ గుడారం. అడగదలచినవి మూడు. ఇద్దరమైతే సామాను నిజంగా తగ్గుతుందా? భద్రత విషయంలో తేడా ఎంత? మొదటిసారి తీరానికి ఒంటరిగా వెళ్లడం తెలివైన పనేనా? "మీ ఇష్టం" అని కాకుండా లెక్కతో చెప్పేవాళ్లు ఉంటే సంతోషం.

గుడారం_మేస్త్రి:

ముందు బరువు సంగతి తేల్చేద్దాం. ఇద్దరైతే మోత సగానికి పడిపోతుందని చాలామంది అనుకుంటారు. కొండల్లో కొంతవరకు నిజమే, వాగు దగ్గర నీళ్లు పట్టుకోవచ్చు కాబట్టి. తీరంలో ఆ లెక్క చెల్లదు.

ఒక్కరికి: గుడారం 1.6 కేజీలు, స్టవ్, గ్యాస్ డబ్బా, గిన్నె కలిపి 0.8, మందులు 0.35, చాప దుప్పటి 0.9, తిండి 1.5, బట్టలు 1.5, టార్చి, పవర్ బ్యాంకు, తాళ్లు, ఖాళీ సంచులు కలిపి 1. మొత్తం 7.65 కేజీలు. ఇద్దరికి: గుడారం 2.4, వంట సామాను 0.9, మందులు 0.4, పడక 1.8, తిండి 3, బట్టలు 3, మిగతావి 1.2. మొత్తం 12.7, అంటే తలకు 6.35.

ఇప్పుడు నీళ్లు కలపండి. మనిషికి రోజుకు తాగడానికి 4 లీటర్లు, వంటకీ మొహం కడుక్కోవడానికీ ఇంకొకటి. రెండు రోజులకు 10 లీటర్లు, అంటే 10 కేజీలు. ఇది పంచుకుంటే తగ్గే బరువు కాదు. ఒంటరికి 17.65, జంటలో తలకు 16.35. తేడా 1.3 కేజీలు, అంతే. పైగా పొడి ఇసుకలో నడకకి గట్టి నేల మీద కంటే దాదాపు రెట్టింపు శక్తి ఖర్చవుతుంది. 17 అయినా 16 అయినా అర కిలోమీటరుకే మోకాళ్లు మాట్లాడతాయి.

అసలు లాభం వేరేచోట ఉంది. ఇద్దరుంటే ఒకరు గుడారం దగ్గర ఉండి ఒకరు ఊళ్లోకి వెళ్లి నీళ్లు తేవచ్చు. అప్పుడు పది లీటర్లూ మొదటిరోజే మొయ్యక్కర్లేదు, ఐదు లీటర్ల క్యాన్ చెరొకటి చాలు. ఒక్కరే అయితే గుడారం వదిలి వెళ్లాలి. మీరు వెళ్లగానే కుక్కలు తిండి సంచి వెతుక్కుంటూ వస్తాయి, గాలి లేస్తే ఖాళీ గుడారం దొర్లిపోతుంది. కాబట్టి ఒంటరిగా వెళ్లేవాళ్లు ఊరికి పది నిమిషాల నడకలోనే దిగాలి. మారుమూల ఇసుక తిన్నెలు ఇద్దరు వెళ్లినప్పుడు చూసుకోవచ్చు.

ఉద్దానం_కుర్రోడు:

తూరుపుగాలి గారూ, ఒంటరా జంటా అన్నదానికంటే ముందు చోటు సంగతి చూడండి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవులు ఇవి. ఒడ్డున తెల్ల లైటు కనిపిస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. పిల్లలు పుట్టే రోజుల్లో అయితే అవి సముద్రం వైపు కాకుండా మీ దీపం వైపు పాకి, తెల్లారేసరికి ఎండకో కాకులకో బలైపోతాయి. అందుకని ఖాళీ ఇసుక మీద, నీటికి ఎదురుగా గుడారం వద్దు. నిప్పు రాజెయ్యొద్దు. హెడ్ టార్చి ఎర్ర లైటు మీదే ఉంచండి. తాబేలు కనబడితే లైటు ఆర్పి, కదలకుండా దూరంగా నిలబడండి. ఫ్లాష్ ఫోటోలు వద్దే వద్దు.

దిగడానికి మంచి చోటు ఇసుక వెనక ఉన్న తోట అంచు, తోట యజమానిని అడిగి. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు. మట్ట ఒక్కటే నాలుగైదు మీటర్లు ఉంటుంది, కాయ సంగతి చెప్పక్కర్లేదు. మొదలు నుంచి కనీసం ఆరు మీటర్లు ఎడం ఉండాలి. సరుగుడు తోపు అంచు మేలు, గాలి ఆపుతుంది, మంచు తక్కువ పడుతుంది. కాకపోతే రాలిన సరుగుడు ఆకు చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

పోటు సంగతి. సముద్రం ముందుకు వస్తే పోటు, వెనక్కి తగ్గితే పాటు. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు పెద్దది. ఉత్తరాంధ్ర తీరంలో ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య సుమారు మీటరున్నర తేడా ఉంటుంది. రోజుకి రెండు పోట్లు వస్తాయి, ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా. సాయంత్రం పాటులో చూసి "నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో" అని గుడారం వేస్తే, అర్ధరాత్రి పోటులో తడుస్తారు. నాచు, గవ్వలు, ప్లాస్టిక్ చెత్త వరసగా ఆగిన గీత ఒకటి కనిపిస్తుంది. దానికి పైన ఇంకొక పాత గీత ఉంటుంది. ఆ పాత గీతకు ఇంకా వెనక్కి పోవాలి. ఒడ్డు ఇరవై మీటర్లకు ఒక మీటరు చొప్పున లేస్తుంటే, నీరు అర మీటరు పెరిగినా పది మీటర్లు లోపలికి వచ్చేస్తుంది.

మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట అసలు వద్దు. అక్కడి ఇసుక దిబ్బలు ఒక్క రాత్రిలో ఆకారం మార్చుకుంటాయి, పాటు సమయంలో నది నీరు లోపలికి లాగేస్తుంది.

పడవలు ఆపే చోట, అలివి వల లాగే చోట కూడా వద్దు. తెల్లారకముందే జనం వరసగా నిలబడి తాళ్లు లాగుతారు. మీ గుడారం ఆ దారిలో ఉంటే వాళ్ల పని చెడుతుంది. ఊళ్లోకి వెళ్లగానే కుల పెద్దలతోనో పంచాయతీ వాళ్లతోనో ఒక మాట చెప్పండి, మెరైన్ పోలీసులకు కూడా. ఇద్దరికీ ఆధార్ కార్డులు దగ్గరుంచుకోండి. ఊరికి ముందే తెలిస్తే రాత్రి ఎవరూ వచ్చి లేపరు, అవసరమైతే వాళ్లే ముందు పరిగెత్తుకొస్తారు.

తాగేనీళ్లు సీలు వేసిన క్యాన్లే కొనండి. బారువ చుట్టుపక్కల ఈ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ. వాటి కారణం ఇదీ అని తేలకపోయినా, బోరు నీళ్లు మాత్రం నేను ఎవరికీ చెప్పను.

నీలి_క్యాను:

మేస్త్రి గారి లెక్క బాగుంది కానీ అందులోంచి గ్యాస్ డబ్బా తీసెయ్యాలి. ప్రశ్నలో రైలు ప్రయాణం అని ఉంది. రైల్లో గ్యాస్, కిరసనాయిలు, పెట్రోలు నిషేధం. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. బస్సులో అయినా అలాంటివి పెట్టుకోకూడదు.

నిజానికి ఈ రెండు రాత్రులకు స్టవ్ అక్కర్లేదు. మొదటి రాత్రికి ఇంటి నుంచి చింతపండు పులిహోర. పులుపూ నూనే ఉంటాయి కాబట్టి పొద్దున చేసింది జనవరిలో రాత్రి దాకా నిలుస్తుంది. పెరుగన్నం అంతసేపు ఆగదు. తర్వాత అటుకులు, బెల్లం, వేరుశనగలు, అరటిపళ్లు. పండగ అరిసెలూ జంతికలూ మిగిలే ఉంటాయి కదా, ఇంతకంటే మంచి క్యాంపు తిండి లేదు. శనివారం ఒక పూట ఊళ్లో భోజనం. లీటరు ఫ్లాస్కులో హోటల్ నుంచి వేడినీళ్లు పట్టుకుంటే రాత్రికి టీ పొడి కలుపుకోవచ్చు. ఆ వేడినీళ్లతో ఇంకో పని కూడా ఉంది. జెల్లీఫిష్ కుడితే సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న తీగల్ని గీకకుండా పట్టకారుతో తీసి, ఆ చోట చర్మం ఓర్చుకునేంత వేడి నీళ్లు ఇరవై నిమిషాలు పోస్తూ ఉండాలి. రుద్దకూడదు, ఇసుకతో అసలు రుద్దకూడదు.

ఇక ఇద్దరు ఒకే గుడారంలో పడుకుంటే వచ్చే పెద్ద చిక్కు చెమ్మ. ఊపిరి నుంచి, ఒంటి నుంచి ఒక్కో మనిషి రాత్రికి సుమారు పావు లీటరు తేమ వదులుతాడు. ఇద్దరికి అర లీటరు. జనవరిలో తీరం మీద ఎలాగూ మంచు పడుతుంది, పై గుడ్డ చల్లబడుతుంది, ఆ తేమ అంతా దాని లోపలివైపు నీళ్లై కారుతుంది. పొద్దున్నే లేచి గుడారం కారుతోందని కంపెనీని తిట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. వర్షం లేకపోతే పై గుడ్డని ఒకవైపు మొత్తం చుట్టి పైకి కట్టండి. పగలు గాలి సముద్రం నుంచి వస్తుంది, అర్ధరాత్రి దాటాక నేల నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. కాబట్టి రెండు వైపులా తెరుచుకునే గుడారం కావాలి, ఒక తలుపు భూమి వైపు ఉండాలి. కొలత కూడా చూసుకోండి. డబుల్ అని అమ్మేవాటిలో 120 సెంటీమీటర్ల వెడల్పువి ఉన్నాయి. రెండు చాపలు పడతాయి, రెండు సంచులు పట్టవు. సంచులు గోడకి ఆనితే తడుస్తాయి, బయట పెడితే కుక్కలు లాక్కుపోతాయి. కనీసం 140 చూడండి.

దోమతెర జిప్పు ఎప్పుడూ పూర్తిగా మూసే ఉంచండి, ఐదు నిమిషాలకు బయటికెళ్లినా సరే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలీదు. ఇద్దరుంటే "నువ్వు వేశావనుకున్నా" అన్న మాట దగ్గరే జిప్పు తెరిచి ఉండిపోతుంది. ఆఖరున లోపలికి వచ్చినవాళ్లదే జిప్పు బాధ్యత అనుకోండి.

సాగరిక_7:

భద్రత గురించి నా అభిప్రాయం పైవాళ్లకి కొంచెం వేరు. రెండో మనిషి ఉంటే చాలు, భద్రత దానంతటదే వచ్చేస్తుందని అనుకోవద్దు. ఇద్దరూ ఒకేసారి నీళ్లలో దిగి, ఇద్దరూ ఒకేసారి నిద్రపోయి, ఇద్దరి ఫోన్లూ ఒకే పవర్ బ్యాంకుకి పెట్టుకుంటే, ప్రమాదం విషయంలో మీరు ఒక్కరి కిందే లెక్క. పని పంచుకుంటేనే రెండో మనిషి రక్ష.

నీళ్ల దగ్గర ఇది చాలా కచ్చితంగా పాటించాలి. ఒంటరిగా ఉంటే మోకాలి లోతు దాటి దిగకూడదు, ఈత ఎంత వచ్చినా సరే. ఇద్దరుంటే ఒకరు ఒడ్డునే నిలబడాలి, చేతిలో మూత గట్టిగా బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యాన్, దానికి పదిహేను మీటర్ల తాడు. నీళ్లలో అది దాదాపు ఐదు కేజీల బరువుని తేలుస్తుంది, మనిషి తల పైన ఉంచడానికి సరిపోతుంది. ఖాళీ క్యాన్ తేలిక కాబట్టి గాలికి ఎదురు విసిరితే వెనక్కి వస్తుంది, అడుగున గ్లాసెడు నీళ్లు ఉంచి విసరండి. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా ఈది ప్రవాహం దాటాక తిరగాలి. ఒడ్డున ఉన్న మనిషి కాపాడతానని దూకకూడదు. ఒకరు కొట్టుకుపోతే ఇంకొకరు దూకి ఇద్దరూ పోయిన వార్తలు మన తీరంలో ఏటా చదువుతూనే ఉన్నాం.

ఒంటరి ప్రయాణానికి కబురు పద్ధతి: ఇంట్లో ఒక మనిషికి కాగితం మీద రాసి ఇవ్వండి. గుడారం రంగు, మ్యాపులో లొకేషన్, తిరుగు రైలు పేరు, ఊళ్లో మీరు మాట్లాడిన మనిషి ఫోన్ నంబరు. సాయంత్రం 7కి, పొద్దున్న 7కి ఒక మెసేజ్. 8 దాకా రాకపోతే మీకు ఫోను, 9 దాకా దొరక్కపోతే ఊరి మనిషికి, ఆ తర్వాత 112కి. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్ గార్డ్ 1554, అంబులెన్సుకు 108. ఈ గంటలు ముందే అనుకోవాలి, లేకపోతే అటువైపు మనిషి "సిగ్నల్ లేదేమోలే" అని పొద్దుపోయేదాకా ఆగుతారు. ఇద్దరు వెళ్తున్నా ఇది మానొద్దు. మీ ఇద్దరూ ఉండేది ఒకే గుడారంలో కదా.

జంటగా వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు ఒక మాట అనుకోవాలి: ఇద్దరిలో ఎవరు "వద్దు, వెళ్లిపోదాం" అన్నా వెళ్లిపోవడమే, వాదన లేదు. ఒకరి మొహమాటం వల్లే చాలా జంటలు గాలి లేచాక కూడా ఆగిపోతాయి. గుర్తుగా ఒకటి పెట్టుకోండి. ఇసుక లేచి పిక్కలకి చురుక్కున తగులుతోందంటే సామాను సర్దెయ్యాలి. ఉరుము, మెరుపు అయితే మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు కూడా లేకపోతే అప్పటికే ఆలస్యం, ఊళ్లో పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి.

తూరుపుగాలి:

అందరికీ ధన్యవాదాలు. స్టవ్ తీసేశాను. సాగరిక గారూ, క్యాను-తాడు ఆలోచన చాలా ఉపయోగం. మేస్త్రి గారూ, ఇంకొక్కటి. ఇసుకలో మామూలు మేకులు నిలవవని విన్నాను. ఒక్కరే ఉంటే గాలిలో గుడారం ఎలా నిలబెట్టాలి?

గుడారం_మేస్త్రి:

గుడారంతో వచ్చే సన్నటి మేకులు ఇసుకలో చేత్తో లాగితే వచ్చేస్తాయి. వాటిని నిలువుగా కొట్టడం మానేసి సంచులు పాతండి. ఐదు కేజీల బియ్యం సంచులు ఖాళీవి ఒక ఎనిమిది తీసుకెళ్లండి, బరువే ఉండదు. ఒక్కో దాంట్లో రెండు మూడు కేజీల ఇసుక నింపి మూతి కట్టి, మెడకి తాడు ముడేసి, 40 సెంటీమీటర్ల గోతిలో అడ్డంగా పెట్టి పూడ్చాలి. పై పొడి ఇసుక పక్కకి తోసి, కింద తడి ఇసుకతో నింపి కాలితో తొక్కితే గట్టిగా కూచుంటుంది. గొయ్యి గుడారం మూల నుంచి కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. దగ్గరగా పాతితే తాడు నిటారుగా అయి సంచిని పైకి పీకేస్తుంది. చేత్తో తవ్వితే ఒక్కో గోతికి ఐదు నిమిషాలు పడుతుంది, చిన్న తోట తాపీ ఉంటే ఒకటి రెండు నిమిషాలు.

ఒక్కరే ఉన్నప్పుడు వరస తప్పకూడదు. గుడారం సంచిలోంచి తీయకముందే గాలి వచ్చే వైపు రెండు గోతులు తవ్వి, సంచులు పాతి, తాళ్లు పైకి వదలండి. తర్వాత గుడారం నేల మీద పరిచి, వెంటనే ఆ రెండు మూలలు కట్టెయ్యండి. నీళ్ల క్యాన్ లోపల మధ్యలో పెట్టండి. అప్పుడే కమ్మీలు దూర్చాలి. కమ్మీలు ముందు దూర్చి నిలబెట్టాక గోతులు తవ్వుదామనుకుంటే ఒక చేత్తో గుడారం, ఒక చేత్తో మట్టి, ఒక్క గాలి విసురుకి కమ్మీ విరుగుతుంది. లేచాక గాలి వెనకవైపు మూలలు, ఆఖర్న పై గుడ్డ. తాళ్లు మరీ బిగించొద్దు. నైలాన్ తాడు మంచుకి తడిసి సాగుతుంది, పడుకునే ముందు ఇంకోసారి సరిచెయ్యండి. ఇద్దరుంటే ఒకరు గాలివైపు మూల మీద కూచుంటారు, రెండో మనిషి తవ్వుతారు. ఒక్కరికి నలభై నిమిషాల పని ఇద్దరికి పదిహేను. పొద్దు గుంకేలోపు అయ్యేలా ఒంటరి మనిషి నాలుగింటికే మొదలుపెట్టాలి. జనవరిలో అక్కడ ఐదున్నరకే వెలుతురు జారిపోతుంది.

కమ్మీల కీళ్లలో ఇసుక పడితే ఇరుక్కుని విడదీసేటప్పుడు చీలతాయి. కలిపే ముందు ప్రతి మొననీ పొడి గుడ్డతో తుడవండి, సాధారణంగా పోయేది అక్కడే. జిప్పులకు నూనె రాయొద్దు, ఇసుక అంటుకుని పళ్లు అరిగిపోతాయి. కొవ్వొత్తి రుద్దితే చాలు. ఇంటికి రాగానే గుడారం, కమ్మీలు, జిప్పులు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఉప్పు అలాగే ఉంటే అల్యూమినియం తెల్లగా పొడి కడుతుంది.

మీ మూడో ప్రశ్నకి నా జవాబు: మొదటిసారి తీరానికి ఇద్దరూ వెళ్లండి, డబుల్ గుడారంతో. గాలి ఎప్పుడు తిరుగుతుందో, పోటు ఎక్కడిదాకా వస్తుందో ఆ రెండు రాత్రుల్లో మీకే తెలుస్తుంది. రెండోసారి అదే చోటికి ఒంటరిగా వెళ్లినా తప్పులేదు.

ఉద్దానం_కుర్రోడు:

మేస్త్రి గారి మాటకే నా ఓటు. తేదీ ఖాయం చేసే ముందు క్యాలెండరులో అమావాస్య, పౌర్ణమి చూసుకుని ఏడెనిమిది రోజుల ఎడంగా ఉన్న వారాంతం ఎంచుకోండి, పోటు చిన్నదిగా ఉంటుంది. వెళ్లే ముందురోజు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వాళ్ల అలల హెచ్చరికలు చూడండి. మా తీరానికి జనవరి మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం ఎవరు పిలిచినా రావద్దు. 2018లో తిత్లీ తుఫాను అక్టోబరు 11న ఇక్కడే, పలాస దగ్గర తీరం దాటింది.

ఇంకొకటి. శుక్రవారం మూడింటికల్లా బారువ చేరేలా రైలు చూసుకోండి. చీకటి పడ్డాక చోటు వెతకడం మొదలుపెడితే పాత గీత కనబడదు, గుడ్ల గూళ్లకి కట్టిన కంచెలూ కనబడవు.